ఎలక్ట్రిక్ కారు పెట్రోల్ కారుకు నిజంగా సాటి వస్తుందా? మొహమాటం లేకుండా చెప్పండి

గేరుమార్చు · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా పెట్రోల్ కారుకు పదకొండేళ్లు నిండాయి. ఈమధ్య పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందువైపు నుంచి టకటకమని శబ్దం వస్తోంది, రెండు నిమిషాలకు పోతోంది. ఎలాగూ కారు మార్చే వయసు వచ్చింది కదా అనుకుంటున్నాను. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా అమ్మాయి ఎలక్ట్రిక్ తప్ప వేరే మాట విననంటోంది. మా బావమరిది "అది బొమ్మ కారు బావా, పెట్రోలే కొను" అంటున్నాడు. మధ్యలో నేను.

"మీ అవసరాన్ని బట్టి" అనే జవాబు మాత్రం దయచేసి వద్దు, అది ఎవరైనా చెప్తారు. పెట్రోల్ కారు చేసే పనులన్నీ ఎలక్ట్రిక్ కారు చేస్తుందా, లేక కొన్నిచోట్ల మనమే సర్దుకుపోవాలా? దూర ప్రయాణం, బ్యాటరీ ఆయుష్షు, నా భయమంతా ఈ రెండింటి మీదే.

పాతపిస్టన్ · శుక్రవారం రాత్రి 10:05

సాటి రాదు. ఎవరైనా వచ్చి గ్రాఫులు పరిచేలోపు ఒక్క లెక్క చెప్తాను. కిలో పెట్రోల్‌లో 12 యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే, కిలోవాట్ అవర్. కిలో బ్యాటరీ ప్యాక్‌లో ఉండేది 0.15 నుంచి 0.18 యూనిట్. అంటే డెబ్బై రెట్ల తేడా. 50 లీటర్ల పెట్రోల్ బరువు 37 కిలోలు. 75 యూనిట్ల బ్యాటరీ బరువు 450 కిలోలకు అటూ ఇటూ. నలుగురు మనుషులు ఎక్కకముందే ఆరుగురు ఎక్కి కూర్చున్నట్టు!

పైగా ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ కారు తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు మాత్రం అలాగే ఉంటుంది.

లెక్కలపుస్తకం · శుక్రవారం రాత్రి 10:48

గ్రాఫులు లేవు, భయపడకండి.

పాతపిస్టన్ గారి అంకెలు సరైనవే, కానీ సగం దారిలో ఆపేశారు. 50 లీటర్ల పెట్రోల్‌లో దాదాపు 450 యూనిట్ల శక్తి ఉంది, నిజం. అందులో చక్రాల దాకా వచ్చేది ఎంత? రోజువారీ డ్రైవింగ్‌లో పాతిక శాతం లోపే. మిగతాదంతా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా పోతుంది. కాసేపు నడిపాక బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, మీ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. కాబట్టి 450లో పనికొచ్చేది సుమారు 100. ఎలక్ట్రిక్ కారులో 75 యూనిట్లు ఉంటే అందులో 65 దాకా చక్రాలకు చేరతాయి. ఇప్పుడు చెప్పండి, తేడా డెబ్బై రెట్లా, ఒకటిన్నర రెట్లా?

బయట చూసేది కూడా ఇదే. ట్యాంకు నిండా పోసిన పెట్రోల్ కారు 700 కిలోమీటర్లు దాటుతుంది. 75 యూనిట్ల ఎలక్ట్రిక్ కారు 400 నుంచి 450 వెళ్తుంది.

పాతపిస్టన్ · శుక్రవారం రాత్రి 10:55

అంటే ఒకటిన్నర రెట్లు వెనకబడిందని మీరే ఒప్పుకున్నట్టు. సంతోషం.

రెంచిచేతులు · శనివారం ఉదయం 6:30

నేను మెకానిక్‌ని, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. లెక్కలు నాకు రావు, షెడ్డుకు వచ్చే బండ్ల సంగతి చెప్తాను.

పెట్రోల్ బండి ఎందుకు వస్తుంది? ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ప్లేట్లు, ఇంజెక్టర్ క్లీనింగ్, ఫ్యూయల్ పంపు, సైలెన్సర్ తుప్పు, హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్ట్. ఎలక్ట్రిక్ బండిలో వీటిలో ఒక్కటీ లేదు. ఆ బండి వస్తే టైర్లకో, లోపలి ఏసీ ఫిల్టర్‌కో, బ్రేక్ ఆయిల్‌కో, కూలెంట్ చూసుకోవడానికో వస్తుంది. బ్రేక్ ప్యాడ్లు కూడా అరగవు. కాలు తీయగానే మోటారే జనరేటర్‌లా మారి బండిని ఆపుతూ కరెంటును వెనక్కి పంపుతుంది కదా. ఎంత అరగవంటే, వాడకం లేక డిస్కులకు తుప్పు పట్టిన బండ్లు చూశాను. వారానికోసారైనా బ్రేక్ గట్టిగా తొక్కండి అని చెప్పి పంపిస్తాను.

ఇక రెండో వైపు. పెట్రోల్ బండి ఏ ఊళ్లో ఆగిపోయినా నాలాంటివాడు ఒకడు దొరుకుతాడు. ఎలక్ట్రిక్ బండిలో నారింజ రంగు కేబుల్ కనబడితే శిక్షణ లేనివాడు చెయ్యి పెట్టకూడదు, నాలుగు వందల వోల్టులు. ఒకాయన బండి రాయి మీదెక్కి బ్యాటరీ కింది రేకు సొట్టపడింది. లోపల సెల్స్ బాగానే ఉన్నాయేమో అని విప్పి చూసే దిక్కు లేదు, మొత్తం ప్యాక్ మార్చాలన్నారు. బీమా లేకపోతే ఆయన అక్కడే కూలబడేవాడు.

ఇంకో మాట గేరుమార్చు గారూ. మీ బండిలో టైమింగ్ బెల్ట్ ఉందా, చైన్ ఉందా? ఇంజన్‌లో వాల్వులను వేళకు తెరిచి మూయించేది అదే. బెల్ట్ అయితే ఎప్పుడు మార్చారు?

నాలుగేళ్లడ్రైవర్ · శనివారం ఉదయం 9:15

ఎలక్ట్రిక్ కారు కొని నాలుగేళ్లు దాటింది, 70 వేల కిలోమీటర్లు తిరిగాను. ముందు మంచి మాట. రాత్రి ఇంటికి రాగానే ఫోన్‌కు పెట్టినట్టే కారుకూ చార్జింగ్ పెడతాను. పొద్దున లేచేసరికి సిద్ధం. బంకు దగ్గర క్యూలో నిలబడి నాలుగేళ్లయింది. "చార్జింగ్‌కు గంటలు పడుతుంది కదా" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నాకు పట్టేది పది సెకన్లు, ప్లగ్ పెట్టే టైం అంతే. మిగతా గంటలు నేను నిద్రలో ఉంటాను.

ఇప్పుడు చేదు మాట. మొదటి ఏడాది ఒక వానాకాలం రాత్రి దూర ప్రయాణం చేశాం. దారిలో ఒక చార్జర్ ఉంది, యాప్‌లో పచ్చగా కనిపిస్తోంది. తీరా వెళ్తే స్క్రీన్ నల్లగా ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఇక్కడి నుంచి రీస్టార్ట్ చేశాం సార్, ఐదు నిమిషాలు చూడండి" అన్నారు. ఐదు నిమిషాలు నాలుగుసార్లు చూశాం. బ్యాటరీ 11 శాతం ఉంది. తర్వాతి చార్జర్ 34 కిలోమీటర్ల దూరంలో. ఏసీ కట్టేసి, యాభై దాటకుండా నడుపుతుంటే అద్దమంతా ఆవిరి. మా ఆవిడ గుడ్డతో తుడుస్తూనే ఉంది, ఇద్దరికీ మాటల్లేవు. లారీలవాళ్లు వెనక నుంచి హారన్లు. 3 శాతంతో చేరాం. అక్కడున్నది ఒకే చార్జింగ్ గన్. దానికి ఇంకో కారు తగిలించి ఉంది, 91 శాతం దగ్గర. ఆ పెద్దమనిషి "నూరు అయ్యాక తీస్తాను" అన్నాడు. నలభై నిమిషాలు!

ఆ రాత్రి కారు అమ్మేద్దామనుకున్నాను. తెల్లారాక మనసు మారింది. ఇప్పుడు దూరం వెళ్లేటప్పుడు ఒక చార్జర్‌ను నమ్ముకుని బయల్దేరను, దాని తర్వాత ఇంకొకటి చేరేంత చార్జ్ మిగిలేలా చూసుకుంటాను. గేరుమార్చు గారు అడిగిన సర్దుకుపోవడం ఇదే. పెట్రోల్ కారుతో ఈ ఆలోచనే అక్కర్లేదు.

కొత్తచక్రం · శనివారం ఉదయం 9:50

91 నుంచి 100కి నలభై నిమిషాలా అన్నా? పది నుంచి ఎనభైకి పద్దెనిమిది నిమిషాలని ప్రకటనల్లో వేస్తారుగా?

లెక్కలపుస్తకం · శనివారం ఉదయం 11:20

రెండూ నిజమే తమ్ముడూ. హ్యుందాయ్ అయోనిక్ 5 లాంటి 800 వోల్టుల కార్లు 350 కిలోవాట్ల చార్జర్ దొరికితే ఆ పద్దెనిమిది నిమిషాలు సాధిస్తాయి. దొరికితే.

చివరి ఇరవై శాతం సంగతి వేరు. సూట్‌కేసులో బట్టలు సర్దడం గుర్తు తెచ్చుకో. సగం దాకా విసిరేసినా పడతాయి. చివరి రెండు చొక్కాలు మాత్రం మడత చూసుకుని, మెల్లగా నొక్కి పెట్టాలి. తొందరపడి కుక్కితే జిప్పు తెగుతుంది. సెల్‌లో లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్లి కూర్చోవాలి. ఖాళీ తగ్గేకొద్దీ నెమ్మదిగా పంపాలి. బలవంతం చేస్తే అవి లోపలికి పోక పైనే లోహంలా పేరుకుంటాయి. ఆ మేరకు కెపాసిటీ శాశ్వతంగా పోయినట్టే. అందుకే కారే కరెంటు తగ్గించేస్తుంది, చార్జర్ తప్పు కాదు. బయట చార్జింగ్ పెడితే 80 దగ్గర తీసేయడం మనకూ మేలు, వెనక నిలబడ్డవాళ్లకూ మేలు.

పాతపిస్టన్ గారు సంతోషించే లెక్క కూడా నేనే చెప్పేస్తాను. బంకులో గన్ నిమిషానికి 40 లీటర్లు పోస్తే అది 360 యూనిట్లు. శక్తి ప్రవాహంగా చూస్తే 21 వేల కిలోవాట్లకు పైనే. ఇంజన్ వృథా చేసేది తీసేసినా ఐదు వేలు. ఎదురుగా 350 కిలోవాట్ల చార్జర్. వేగంగా నింపడంలో పెట్రోల్‌దే పైచెయ్యి, అదీ దరిదాపుల్లో ఎవరూ లేనంతగా.

పాతపిస్టన్ · శనివారం ఉదయం 11:31

ఈ మాట ఫ్రేము కట్టించుకుంటాను.

గేరుమార్చు · శనివారం మధ్యాహ్నం 2:10

చాలా తెలిశాయి, థాంక్స్. కానీ నాలుగేళ్లడ్రైవర్ గారి మాట చదివాక ఒక అనుమానం పట్టుకుంది. మాకు సొంత పార్కింగ్ లేదు. కారు వీధిలో ఉంటుంది, ఒక్కోరోజు ఒక్కోచోట. మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీయలేను కదా. అలాంటప్పుడు?

నాలుగేళ్లడ్రైవర్ · శనివారం మధ్యాహ్నం 2:45

అయ్యో, ఇది మొదటే చెప్పాల్సింది. నేను చెప్పిన మంచి మాటలో మూడొంతులు కొట్టేసుకోండి.

నా కారు రాత్రంతా ప్లగ్ పక్కన పడుకుంటుంది కాబట్టి నాది సుఖం. ప్లగ్ లేకపోతే వారానికి ఒకటి రెండుసార్లు పబ్లిక్ చార్జర్ దగ్గర అరగంటో గంటో కూర్చోవాలి. అక్కడ యూనిట్ రేటు కూడా ఇంటి కరెంటు కంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడు ఖర్చు పెట్రోల్‌కు దగ్గర దగ్గరగా వస్తుంది, సౌకర్యం పెట్రోల్ కంటే తక్కువ. కారు అదే, మోటారు అదే, బ్యాటరీ అదే. అది నిద్రపోయే చోటు మారింది, అంతే.

వెనకసీటు · శనివారం మధ్యాహ్నం 3:30

ఇన్నాళ్లూ ఇలాంటి చర్చలు చదివి నేను గమనించింది ఇదే. ఎలక్ట్రిక్ బ్రహ్మాండం అనేవాళ్లలో ఎక్కువమంది సొంత గేటు, సొంత షెడ్డు ఉన్నవాళ్లు. చెత్త అనేవాళ్లలో కొందరు అసలు నడపనివాళ్లు, మిగతావాళ్లు వీధిలో పెట్టుకునేవాళ్లు. ఇద్దరూ ఇంజన్ గురించి, బ్యాటరీ గురించి కొట్టుకుంటారు. అసలు తేడా గోడ మీదున్న స్విచ్ బోర్డుది.

గేరుమార్చు గారూ, ఆఫీసులో పార్కింగ్ ఉందా? పగలు ఎనిమిది గంటలు కారు అక్కడే ఉంటుంది కదా. మామూలు ఏసీ పాయింట్ చాలు, 3.3 కిలోవాట్లదైనా ఎనిమిది గంటల్లో 26 యూనిట్లు ఎక్కుతుంది. అంటే 150 కిలోమీటర్లు. రోజూ అంత తిరుగుతారా?

గేరుమార్చు · శనివారం మధ్యాహ్నం 3:42

రోజుకు రానూపోనూ 38. ఆఫీసులో బేస్‌మెంట్ ఉంది. పాయింట్లు ఉన్నాయో లేదో ఎప్పుడూ చూడలేదు. సోమవారం చూస్తాను.

రెంచిచేతులు · శనివారం సాయంత్రం 4:00

బెల్ట్ సంగతి చెప్పలేదు మీరు.

కొత్తచక్రం · శనివారం సాయంత్రం 5:15

అన్నలూ, పికప్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? స్నేహితుడి ఎలక్ట్రిక్ కారు నడిపాను. సిగ్నల్ పడగానే కాలు ఆనించానో లేదో వెనకున్నవాళ్లు అద్దంలో చిన్నగా అయిపోయారు. గేరు లేదు, ఊగడం లేదు, చప్పుడు లేదు. ఈ ఒక్క విషయంలో పెట్రోల్ సాటి రాదని నా అభిప్రాయం.

రెంచిచేతులు · శనివారం సాయంత్రం 5:40

మోటారుకు సున్నా దగ్గరే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఉంటుంది, ఇంజన్ తిరిగి తిరిగి అక్కడికి చేరాలి. నిజమే. నీ స్నేహితుడి టైర్లు ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాడో కూడా అడుగు. ఆ బరువు, ఆ పికప్ కలిస్తే రబ్బరు నిలవదు.

మూలపడ్డఅట్లాసు · శనివారం రాత్రి 8:20

కాస్త పాత కథ చెప్తాను, విసుగొస్తే దాటేయండి.

ఈ పోటీ కొత్తది కాదు. రోడ్డు మీద గంటకు వంద కిలోమీటర్ల వేగం మొదట దాటిన కారు ఎలక్ట్రిక్ కారే. 1899లో బెల్జియం దేశస్థుడు కామీల్ జెనట్సీ దాన్ని 105 కిలోమీటర్లకు పైగా వేగంతో నడిపాడు. అప్పట్లో అమెరికా నగరాల్లో ఆవిరి, కరెంటు, పెట్రోల్ మూడూ తిరిగేవి. పెట్రోల్ కారు కంపు, చప్పుడు, పైగా ముందు నిలబడి క్రాంకు తిప్పి స్టార్ట్ చేయాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. ఫోర్డ్ కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా కూడా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారే నడిపేది.

మరి ఎందుకు ఓడింది? 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చి, తర్వాత ఏళ్లలో ధర తగ్గిస్తూ పోయింది. 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. బటన్ నొక్కితే ఒక చిన్న కరెంటు మోటారు ఇంజన్‌ను తిప్పుతుంది. క్రాంకు బాధ తీరింది. అంటే ఎలక్ట్రిక్ కారును దెబ్బకొట్టినవాటిలో ఒకటి ఎలక్ట్రిక్ మోటారే! ఇంటివాడే పోయి అవతలి జట్టులో చేరాడన్నమాట.

1996లో జనరల్ మోటార్స్ ఈవీ1 తెచ్చింది, అమ్మకుండా లీజుకే ఇచ్చింది. తర్వాత వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది. అప్పటికి సోనీ 1991లో మొదలుపెట్టిన లిథియం అయాన్ సెల్ కెమెరాల్లో, ఫోన్లలో పెరుగుతోంది. ఈసారి ఆటను తిప్పింది మోటారు కాదు, ఆ సెల్.

పాతపిస్టన్ · శనివారం రాత్రి 8:50

అట్లాసు గారూ, మీ పోస్టు దాటేయలేదు, రెండుసార్లు చదివాను. కానీ 1912లో తేల్చింది కూడా జనమే కదా. ఎక్కడ పడితే అక్కడ డబ్బాలో దొరికే ఇంధనాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడైనా అంతే. చలి గురించి ఎవరూ నోరెత్తరేం? గడ్డకట్టే చలిలో ఈ కార్ల రేంజ్ పాతిక ముప్పై శాతం పడిపోతుంది.

లెక్కలపుస్తకం · శనివారం రాత్రి 9:30

పడిపోతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, పెట్రోల్ ఇంజన్ వృథా చేసే ఆ డెబ్బై అయిదు శాతం వేడి చలికాలంలో ఉచిత హీటర్. ఎలక్ట్రిక్ కారు వృథా చేయదు కాబట్టి లోపల వెచ్చగా ఉంచడానికి బ్యాటరీలోంచే తీసుకోవాలి. హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే పరికరం) ఉన్న మోడళ్లలో ఆ నష్టం కొంత తగ్గుతుంది.

అయినా నార్వే సంగతి చూడండి. చలి అంటే అక్కడే చూడాలి. 2024లో అక్కడ కొత్తగా అమ్ముడైన కార్లలో 88.9 శాతం పూర్తిగా బ్యాటరీ కార్లే. అంతమంది చలిలో బండి తోసుకుంటూ ఉంటారా?

పాతపిస్టన్ · శనివారం రాత్రి 9:41

2001 నుంచీ ఆ కార్లకు వ్యాట్ మినహాయింపు ఇచ్చి, పెట్రోల్ కార్ల మీద పన్నులు బాదిన దేశం అది. పందెంలో ఒకడి కాళ్లకు రాళ్లు కట్టి రెండోవాడు గెలిచాడంటే ఏం గొప్ప?

వెనకసీటు · శనివారం రాత్రి 9:58

పన్నుల వల్ల కొన్నారు, సరే. కానీ కొన్నవాళ్లలో ఎక్కువమంది మళ్లీ పెట్రోల్‌కు పోలేదుగా. పన్ను మొదటి కారు కొనిపిస్తుంది. రెండోదీ అదే కొన్నారంటే కారులో ఏదో ఉండాలి.

లెక్కలపుస్తకం · శనివారం రాత్రి 10:10

ప్రపంచం మొత్తం మీద చూసినా, అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో కోటి 70 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి. కొత్త కార్లలో ఐదింట ఒకటి. చైనాలో అయితే దాదాపు సగం.

పాతపిస్టన్ · శనివారం రాత్రి 10:14

ఆ లెక్కలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కూడా కలిసి ఉన్నాయి. వాటిలో పెట్రోల్ ట్యాంకు ఉంటుంది సార్.

లెక్కలపుస్తకం · శనివారం రాత్రి 10:20

ఉన్నాయి. చెప్పి ఉండాల్సింది.

దూరభారం · ఆదివారం ఉదయం 7:05

ఎవరూ సూటిగా చెప్పని విషయం ఒకటి. పెట్రోల్ కారు హైవే మీద మంచి మైలేజీ ఇస్తుంది, ట్రాఫిక్‌లో తక్కువ. ఎలక్ట్రిక్ కారు సరిగ్గా దీనికి రివర్సు. ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ కొంత వెనక్కి వస్తుంది, ఇంజన్ ఊరికే తిరగడం ఉండదు. హైవే మీద గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే ఆ నిరోధం రెట్టింపు కంటే ఎక్కువ. అంటే చార్జర్ అక్కర్లేని ఊళ్లో రేంజ్ బోలెడు, చార్జర్ కోసం వెతుక్కునే హైవే మీద రేంజ్ తక్కువ. కంపెనీ చెప్పిన అంకె చూసి హైవే ప్లాన్ వేసుకుంటే నాలుగేళ్లడ్రైవర్ గారి అద్దం తుడుపే గతి. వెనక ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోవచ్చు.

నెలకు నాలుగు వేల కిలోమీటర్లు, అన్నీ హైవేలే తిరిగే నాకు ఇవాళ్టికి పెట్రోలే. అమ్మకాల ఉద్యోగం, చార్జర్ దగ్గర కూర్చుంటే కమిషన్ పోతుంది.

గేరుమార్చు · ఆదివారం ఉదయం 10:30

బ్యాటరీ ఆయుష్షు గురించి ఎవరైనా? ఎనిమిదేళ్లకు పోతుందని, కొత్తది కారంత ఖరీదని మా బావమరిది భయపెడుతున్నాడు.

నాలుగేళ్లడ్రైవర్ · ఆదివారం ఉదయం 11:00

ఎనిమిదేళ్లు అనేది వారంటీ అంకె, చావు తేదీ కాదు. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, కెపాసిటీ 70 శాతం కంటే తగ్గితే బాధ్యత మాది అంటాయి. నాది నాలుగేళ్లకు 93 శాతం చూపిస్తోంది. మొదటి ఏడాదే నాలుగు పోయాయి, తర్వాత నెమ్మదించింది.

లెక్కలపుస్తకం · ఆదివారం ఉదయం 11:45

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం ఉండేది కాదు. ఎండలు మండే చోట్ల కెపాసిటీ తొందరగా పడిపోయి చాలా గొడవ జరిగింది. ఇప్పటి కార్లలో ఎక్కువభాగం ప్యాక్‌లో కూలెంట్ తిరుగుతుంది. 400 కిలోమీటర్ల రేంజ్ ఉన్న కారు వెయ్యిసార్లు పూర్తిగా చార్జ్ అయిందంటే నాలుగు లక్షల కిలోమీటర్లు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ అయితే వెయ్యికి మించి తట్టుకుంటాయి. కాకపోతే బ్యాటరీ వాడకపోయినా వయసు మీదపడుతుంది. ముఖ్యంగా నిండా చార్జ్ చేసి ఎండలో వదిలేస్తే.

కొనేటప్పుడు కెమిస్ట్రీ అడగండి. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ లోహాలు వాడేది) అయితే రోజూ 80 దగ్గర ఆపడం మంచిది. ఎల్ఎఫ్‌పీ అయితే కంపెనీలే అప్పుడప్పుడు 100 దాకా పెట్టమంటాయి. దాని వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నిండితే తప్ప ఎంత మిగిలిందో కారుకు సరిగ్గా అంచనా దొరకదు. అందులో కోబాల్ట్ కూడా ఉండదు. కానీ చలిలో ఎన్ఎంసీ కంటే మందకొడి.

ధర సంగతికొస్తే, బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ అనే ఇంధన రంగ పరిశోధన సంస్థ సర్వేలో ప్యాక్ సగటు ధర 2024లో యూనిట్‌కు 115 డాలర్లు. 2010లో అది వెయ్యి డాలర్ల పైన. మీ బావమరిది గారు 2010లోనే ఆగిపోయినట్టున్నారు.

వెనకసీటు · ఆదివారం మధ్యాహ్నం 12:20

అయినా సెకండ్ హ్యాండ్ మార్కెట్ మాత్రం ఆ బావమరిది గారి మాటే వింటోంది. పెట్రోల్ కారు కొనేవాడు ఇంజన్ శబ్దం విని ధర కడతాడు. బ్యాటరీని చెవితో వినలేం. అమ్మేటప్పుడు బ్యాటరీ హెల్త్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. కొనేవాళ్లకైతే ఇది అవకాశం, మూడేళ్ల కారు చవగ్గా దొరుకుతుంది.

గాలిమర · ఆదివారం మధ్యాహ్నం 1:05

ఇంత మాట్లాడారు, పొగ ఊసే లేదు! పెట్రోల్ కార్లు నడిపేవాళ్లు పిల్లల ఊపిరితిత్తులతో ఆడుకుంటున్నారు.

పాతపిస్టన్ · ఆదివారం మధ్యాహ్నం 1:12

బొగ్గు కాల్చి కరెంటు తీసి, కాంగోలో కోబాల్ట్ తవ్వించి, మాకు నీతులు.

*(ఇక్కడ పదిహేడు పోస్టులు తొలగించాం. ఒకరి ఇంట్లోవాళ్లను ఒకరు తిట్టుకోవడం ఈ వేదికలో కుదరదు. ఇద్దరికీ ఒకరోజు విరామం. — నిర్వాహకులు)*

లెక్కలపుస్తకం · ఆదివారం సాయంత్రం 6:00

రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. బ్యాటరీ తయారీ వల్ల ఎలక్ట్రిక్ కారు కొత్తగా బయటికొచ్చేటప్పుడు కార్బన్ అప్పు ఎక్కువ. తిరిగేకొద్దీ అది తీరుతుంది. బొగ్గు కరెంటు ఎక్కువైతే నెమ్మదిగా, జలవిద్యుత్తు అయితే గబగబా. వీధిలో పొగ మాత్రం మొదటి రోజు నుంచే ఉండదు. టైర్ల దుమ్ము ఉంటుంది.

కొత్తచక్రం · ఆదివారం రాత్రి 9:00

మంటలు?

రెంచిచేతులు · ఆదివారం రాత్రి 9:25

పెట్రోల్ బండీ తగలబడుతుంది, అది వార్త కాదు కాబట్టి పేపర్లో రాదు. బ్యాటరీ మంట అంటుకుంటే మాత్రం ఆర్పడం కష్టం. ఆరిందనుకున్నాక గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు. కింద గట్టి దెబ్బ తగిలిన బండిని ఇంటి లోపల పెట్టుకోవద్దు, బయట దూరంగా పెట్టండి. నేను చెప్పగలిగింది ఇదే.

గేరుమార్చు · మంగళవారం రాత్రి 8:15

ఆఫీసు బేస్‌మెంట్ చూసొచ్చాను. నాలుగు పాయింట్లు ఉన్నాయి. ఒకటి పనిచేయదు, ఒకదాని ముందు పాత కుర్చీలు గుట్టగా పోసి ఉన్నాయి. మిగిలిన రెండింటికీ ఐదుగురు ఉన్నారు, వాళ్లలో వాళ్లకు వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. నన్ను చేర్చుకున్నారు. కారు లేకుండానే గ్రూపులో చేరాను. కుర్చీలు తీయించమని అడ్మిన్‌కు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

ఒక వారం ఎలక్ట్రిక్ కారు అద్దెకు తీసుకుంటున్నాను. రెండు రోజులు ఆఫీసు పాయింట్ మీద, తర్వాత దూర ప్రయాణం ఒకటి. బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తాను.

నాలుగేళ్లడ్రైవర్ · మంగళవారం రాత్రి 8:30

అద్దం తుడిచే గుడ్డ మర్చిపోకండి.

పాతపిస్టన్ · మంగళవారం రాత్రి 8:44

విరామం అయిపోయింది, వచ్చేశాను. అద్దెకు తీసుకోవడం మంచి పని. నచ్చకపోతే హైబ్రిడ్ చూడండి, ప్రియస్ 1997 నుంచీ రోడ్డు మీద ఉంది, పాతబడి నమ్మకం కుదిరిన పద్ధతి. నచ్చితే మాత్రం ఇక్కడ రాయకండి, నా పరువు పోతుంది.

రెంచిచేతులు · మంగళవారం రాత్రి 9:10

గేరుమార్చు గారూ, మూడోసారి అడుగుతున్నాను. బెల్ట్ ఉందా, చైన్ ఉందా?

గేరుమార్చు · మంగళవారం రాత్రి 9:22

క్షమించండి, ఇప్పుడే మాన్యువల్ తీసి చూశాను. బెల్ట్. లక్ష కిలోమీటర్లకు మార్చాలని ఉంది. నాది 1,18,000 అయింది. మార్చినట్టు గుర్తు లేదు.

రెంచిచేతులు · మంగళవారం రాత్రి 9:24

రేపు ఆ బండి స్టార్ట్ చేయకండి. దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి. అది తెగితే వాల్వులు వంగిపోతాయి, అమ్మడానికి కూడా బండి మిగలదు. ఆఫీసుకు బస్సులో వెళ్లండి.